ఏడో నంబరు బాణం

ఉయ్యూరు బస్టాండులో దిగేటప్పటికి నా సంచిలో ఒక కర్రపెట్టె ఉంది. అరచేతి కన్నా కాస్త పెద్దది. మూత తీస్తే ఇత్తడి పళ్లేల చిన్న త్రాసు, పక్కన గుడ్డమూటలో ఇరవై దాకా గురిగింజలు. మా తాతయ్యవి.

తాతయ్యకి లైసెన్సున్న పన్నెండు బోరు తుపాకి ఉండేది. తూటాలు కొనేవాడు కాదు, ఇంట్లోనే నింపుకునేవాడు. మందు వేసి, అట్టబిళ్ల బిగించి, సీసపు రవ్వలు పోసి, మళ్లీ బిళ్ల పెట్టి అంచు మడిచేవాడు. మందు మాత్రం ఈ త్రాసులో గురిగింజలు వేసి తూచాల్సిందే. ఆ పూట ఇంట్లో పొయ్యి దగ్గరికి కూడా ఎవరినీ పోనిచ్చేవాడు కాదని నాయనమ్మ చెప్పేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట ఆగింది. కొన్నాళ్లు గోడకి వేలాడిన తుపాకి చివరికి పోలీస్ స్టేషనుకి చేరింది. పెట్టె మిగిలింది.

వేట ఆగిపోవడం మంచిదేనని నేను గట్టిగా నమ్ముతాను. కానీ తూటా తూటాకీ తేడా రాకూడదని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్న ఆ ఓపిక మీద నాకు చిన్నప్పటి నుంచీ మనసుంది. ఏనుగునో అడవిదున్ననో కొట్టడానికి చేసిన భారీ రైఫిలుకైనా సూత్రం అదే. గుండ్లు ఒక్క బరువుండాలి, మందు ఒక్క తూకముండాలి. అప్పుడే వేగం మారదు, వేగం మారకపోతే పడే చోటు మారదు. ఆ పని ఇప్పుడు మన దగ్గర ఎవరు చేస్తున్నారని వెతుకుతుంటే, ఉయ్యూరులో ఒక మాస్టారు బాణాలకి అంత పనీ చేస్తారని ఒక స్నేహితుడు చెప్పాడు.

కేసీపీ చక్కెర ఫ్యాక్టరీ వైపు ఆటోలో వెళ్లి, పుల్లేరు కాలువ దాటి, చెరుకు తోటల మధ్య మట్టిదారిలో దిగాను. రేకుల షెడ్డు. దాని ముందు పొడుగ్గా చదును చేసిన నేల, ఆ చివర గడ్డిమోపుల దిమ్మె మీద రంగుల కాగితం. సరిగ్గా 50 మీటర్లు. షెడ్డులో ఒక బల్ల, బల్ల ముందు పద్నాలుగేళ్ల పిల్ల, ఆమె ముందు పన్నెండు బాణాలు.

"రండి, కూర్చోండి. ఆ అమ్మాయి చేతిలో పని అయ్యాక మాట్లాడుకుందాం" అన్నారు మాస్టారు.

ఆ పిల్ల చేస్తున్న పని చూశాక మాటలు అక్కర్లేదనిపించింది. ముందు కార్బన్ షాఫ్టుని రెండు ఊతాల మీద అడ్డంగా పెట్టింది. ఊతాల మధ్య దూరం 28 అంగుళాలు. నడుమ 880 గ్రాముల బరువు తగిలించింది. షాఫ్టు కొద్దిగా వంగింది. ఎంత వంగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే డయల్ చూసి నోటుబుక్కులో రాసుకుంది. దీన్ని స్పైన్ అంటారు. 400 స్పైన్ అంటే 0.400 అంగుళం వంగే షాఫ్టు. వంగడం ఎక్కువైతే బాణం మెత్తన, తక్కువైతే గట్టి. విల్లు బలానికి, లాగే పొడుగుకి, ముందు మొన బరువుకి ఆ మెత్తదనం సరిపడాలి. ఈ పరికరాన్ని విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద చేయించుకున్నారట మాస్టారు. దాన్ని చూపించేటప్పుడు ఆయన ముఖంలో కొత్త దూడని చూపించే రైతు సంబరం.

తర్వాత తూకం. బంగారం కొట్లో ఉండే చిన్న డిజిటల్ త్రాసే అది. ఒక బటను నొక్కితే గ్రాములు పోయి గ్రెయిన్లు వస్తాయి. గ్రెయిన్ అంటే గింజ. ధాన్యపు గింజ బరువు మీద పుట్టిన కొలత. గ్రాముకి 15.4 గ్రెయిన్లు. తుపాకి గుండునీ మందునీ ఇప్పటికీ దీనితోనే తూస్తారు, బాణాన్నీ దీనితోనే. నా సంచిలోని పెట్టె ఒక్కసారిగా బరువెక్కినట్టయింది.

మాస్టారు విజయవాడలో నేర్చుకున్నవారు. చెరుకూరి సత్యనారాయణ గారి వోల్గా ఆర్చరీ అకాడమీ ఊళ్లో విలువిద్యకి ఒక ఇల్లు కట్టిపెట్టిందంటారు. మాస్టారి మాటల్లో ఎక్కువసార్లు వచ్చిన పేరు వెన్నం జ్యోతి సురేఖ. చిన్నప్పుడు కృష్ణలో ఈదిన విజయవాడ పిల్ల. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్, అంటే కప్పీల విల్లు, విభాగంలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. వ్యక్తిగత ఫైనల్లో 150కి 149. అంటే పదిహేను బాణాల్లో పద్నాలుగు పదులు, ఒక్క తొమ్మిది. ఆ పది అన్న వలయం 8 సెంటీమీటర్లు, మన టీ సాసరు కన్నా చిన్నది. కప్పీలు లేని రికర్వ్ విల్లు విభాగంలో బొమ్మదేవర ధీరజ్ కూడా విజయవాడ అబ్బాయే, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పోటీ పడ్డాడు. కాంపౌండుకి ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లూ చోటు లేదు. 2028 లాస్ ఏంజెలిస్‌లో మిక్స్‌డ్ టీమ్ పోటీతో మొదటిసారి ఆ తలుపు తెరుచుకుంటోంది. బల్ల ముందున్న పిల్ల ఈ మాట విని తల ఎత్తలేదు గానీ, చేతిలో గుడ్డ ఆగింది.

అసలు సంగతి ఏడో నంబరు బాణం దగ్గర మొదలైంది. మూడు రోజులుగా అది గుంపులో పడటం లేదట. మిగతావి పసుపు మధ్యలో కుదురుకుంటుంటే ఇది కిందకి దిగుతోంది.

"నా చెయ్యి జారుతోందేమో మాస్టారూ" అంది ఆ పిల్ల.

"చెయ్యి అయితే అన్నిటికీ జారాలి కదమ్మా. ఊరికే నిందలు మోయకు. చూద్దాం పద."

ఆయన పరీక్ష నాకు బాగా నచ్చింది. బాణాల మీద నంబర్లకి కాగితం అంటించి, కలిపేసి, ఒక్కొక్కటే ఆమె చేతికి అందించారు. ఏది ఏడోదో ఆమెకి తెలియదు. పన్నెండూ వేసింది. నడిచి వెళ్లి చూశాం. పదకొండు ఒకచోట, ఒకటి కింద. కాగితం పీకితే ఏడు. మళ్లీ కలిపారు, మళ్లీ వేసింది, మళ్లీ ఏడే. తనని తాను అనుమానించుకుంటూ మూడు రోజులు నిద్ర పాడుచేసుకున్న పిల్ల ముఖం అప్పుడు తేటపడింది. శిక్షణ అంటే ఇదీ అనిపించింది నాకు. తప్పు మనదో వస్తువుదో తేల్చకుండా పిల్లలని కేకలేసేవాళ్లని చాలామందిని చూశాను.

త్రాసు మీద పెడితే ఏడో బాణం మిగతా వాటికన్నా 5 గ్రెయిన్లు ఎక్కువ. అంటే గ్రాములో మూడో వంతు కూడా కాదు. గురిగింజల లెక్కలో రెండు, మూడు. అంతకే అంత తేడానా అన్నాను. మాస్టారు నోటుబుక్కు వెనక పేజీలో లెక్క వేసి చూపించారు. ఆ పిల్ల బాణం 350 గ్రెయిన్ల దరిదాపు. అది సెకనుకి 280 అడుగుల వేగంతో వెళ్తుంది. 50 మీటర్లు చేరేలోపు భూమి దాన్ని గజం పైనే, దాదాపు రెండు గజాల దాకా కిందకి లాగుతుంది. విల్లు మీద గురి చూసే సైట్ ఆ లెక్కకి సరిచేసి ఉంటుంది. బాణం కాస్త బరువెక్కితే వేగం కాస్త తగ్గుతుంది, 2 సెంటీమీటర్లు అదనంగా దిగుతుంది. పది వలయం మధ్య నుంచి అంచుకి ఉన్నది 4 సెంటీమీటర్లే. అందులో సగం, విల్లు ఎత్తకముందే పోయినట్టు.

ఆ బరువెక్కడిదో వెతికారు. మొనని వేడి చేసి మెల్లగా లాగితే లోపల జిగురు గడ్డకట్టి ఉంది. అతికించిన రోజు కరెంటు పోయిందనీ, తొందరలో జిగురు ఎక్కువ పెట్టిందనీ ఆ పిల్లే గుర్తు చేసుకుంది. గీకి, తుడిచి, పలచగా రాసి మళ్లీ బిగించింది. చల్లారాక తూచింది. ఒక గ్రెయిన్ తక్కువొచ్చింది. మళ్లీ తీసింది. దగ్గర దగ్గర గంటన్నర పట్టింది ఒక్క బాణానికి. కాలువ మీద నుంచి గాలి తిరిగింది, తోటలో మోటారు మొదలైంది, నేను వచ్చిన పని మర్చిపోయి చూస్తూ కూర్చున్నాను.

ఈసారి ఏడు గుంపులో కలిసింది. మిగతా పదకొండు పక్కన అదేదో చెప్పలేనంతగా.

వెళ్లేముందు నా పెట్టె తీసి చూపించాను. మాస్టారు త్రాసుని వేలికి వేలాడదీసి ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూశారు. ఆ పిల్ల చూపు మాత్రం గురిగింజల మీద పడింది.

"వీటితోనే తూచేవారాండీ మీ తాతగారు?"

"అవునమ్మా. నోట్లో మాత్రం పెట్టుకోకు, విషం."

ఒకటి తీసి తన త్రాసు మీద పెట్టింది. 1.9 గ్రెయిన్లు. ఇంకొకటి, 1.9. మూడోది, 1.8. ఇరవైనీ ఒక్కొక్కటే తూచింది. అన్నీ అటూ ఇటూగా అంతే.

"కంచె మీద కాసేవి ఇలా ఉండవండీ, చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఈయన ఏరుకున్నారు" అంది, గింజలని తిరిగి గుడ్డలో పోస్తూ.