ఆష్లీ డౌన్‌లో ఒక్కో బిడ్డకీ ఒక కాగితం

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో ఉత్తరం వైపు ఆష్లీ డౌన్ అనే మెరక ప్రాంతం ఉంది. ఎన్నో ఏళ్లు మూతపడి 2024లో మళ్లీ తెరుచుకున్న చిన్న రైల్వే స్టేషన్లో దిగి, ఎత్తుకి నడిస్తే బూడిదరంగు రాతి భవనాలు కనిపిస్తాయి. మొత్తం అయిదు. ఒక్కొక్కటీ మన పాత కలెక్టరాఫీసుల కంటే పెద్దది. ఇప్పుడు వాటిలో చాలావరకు కాపురాలే ఉంటున్నాయి, కిటికీల్లో పూలకుండీలు పెట్టుకుని. పక్కనే గ్లోస్టర్‌షైర్ క్రికెట్ మైదానం.

మా అన్నయ్య కూతురు ఆ ఊళ్లోనే చదువుకుంటోంది. "ఇక్కడికి అందరూ మ్యాచి చూడ్డానికొస్తారు బాబాయ్, నువ్వేంటి అనాథాశ్రమం అంటావ్" అంది.

నర్సాపురం, పాలకొల్లు వైపు క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్లకి, ఈ భవనాల్లో అనాథాశ్రమం నడిపిన జార్జి ముల్లర్ పేరు ఆదివారం బడిలోనే తెలుస్తుంది. ఖాళీ పళ్లేల ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ప్రార్థన చేస్తుంటే రొట్టెలవాడు వచ్చి తలుపు కొట్టాడనే కథ వినకుండా మేమెవరం పెరగలేదు. మా డెల్టాకీ ఆయనకీ చుట్టరికం కూడా ఉంది. ముల్లర్ భార్య మేరీ అన్నగారు ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్. ఎక్సెటర్లో పళ్లవైద్యం వదిలేసి తూర్పుదేశాలకి వచ్చేసినవాడు. డెవన్ నుంచి బౌడెన్, బీర్ దంపతుల్ని 1836లో మనదేశానికి వెంటబెట్టుకొచ్చింది ఆయనే. వాళ్లతోనే గోదావరి డెల్టా మిషన్ మొదలైంది. గ్రోవ్స్ చివరికి 1853లో కన్నుమూసింది బ్రిస్టల్లో, ముల్లర్ ఇంట్లో.

అదే 1836 ఏప్రిల్లో ముల్లర్ విల్సన్ స్ట్రీట్లో ఒక అద్దె ఇల్లు తీసుకుని ముప్ఫైమంది ఆడపిల్లల కోసం మొదటి ఆశ్రమం తెరిచాడు. అంతకు నాలుగేళ్ల ముందే ఆ ఊరిని కలరా ఊడ్చేసింది. దిక్కులేని పిల్లలకి బీదల సత్రమో, వీధో తప్ప మరో చోటు లేని కాలం అది. పిల్లల పేర్లు నమోదు చేసుకోవడానికి పెట్టుకున్న రోజున ఒక్కరూ రాలేదట. ఇంటి కోసం, డబ్బు కోసం, పనివాళ్ల కోసం ప్రార్థించాను గానీ పిల్లల కోసం ప్రార్థించడం మర్చిపోయానని ఆయనే రాసుకున్నాడు. మర్నాడు మొదటి దరఖాస్తు వచ్చింది. తర్వాత పిల్లలు పెరిగారు, ఇళ్లు పెరిగాయి, సందడి ఎక్కువైందని ఇరుగుపొరుగు మొరపెట్టుకున్నారు. అందుకని ఊరి బయట ఈ మెరక కొని 1849లో మొదటి భవనం తెరిచాడు. 1870కి అయిదూ పూర్తయ్యాయి. ఒకేసారి 2,050 మందికి చోటు.

ఆశ్రమం వస్తువులు, కాగితాలు ఇప్పుడొక చిన్న మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ నన్ను కట్టిపడేసింది లెక్కల తీరు. ఎవరినీ డబ్బడగలేదు, అప్పు చెయ్యలేదు అన్నది మాకు తెలిసిన ముల్లర్. తెలియని ముల్లర్ ఇక్కడ ఉన్నాడు. ప్రతి దాతకీ నంబరున్న రసీదు ఇచ్చేవాడు. ఏటా అచ్చువేసే నివేదికలో ప్రతి పెన్నీ చూపించేవాడు గానీ దాతల పేర్లు వేసేవాడు కాదు. ఇచ్చినవాళ్లు తమ నంబరు చూసుకుని డబ్బు చేరిందని తెలుసుకోవాల్సిందే. మన దగ్గర గుడికైనా చర్చికైనా ట్యూబులైటిచ్చినా దాని మీద పేరు రాయించుకుంటాం. పేరు కనపడకుండా ఇచ్చినవాళ్లతోనే ఆయన జీవితకాలంలో పదివేలమంది పిల్లలు పెరిగారు.

పిల్లల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఎవరి బిడ్డ, తల్లిదండ్రులు ఎప్పుడు ఏ జబ్బుతో పోయారు, ఎవరు తీసుకొచ్చారు, ఆశ్రమం నుంచి ఎక్కడికి పనికి వెళ్లారు, అన్నీ రాసిపెట్టారు. మేమున్నప్పుడు ఒక పెద్దావిడ వచ్చింది. వాళ్ల నాయనమ్మ ఇక్కడ పెరిగిందట. ఎదుట పరిచిన కాగితంలో ముత్తాత పేరు, చేసిన పని చదువుకుని "మా నాన్నకి కూడా ఇది తెలీదు" అంది. మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

ఆడపిల్లల్ని పదిహేడేళ్ల దాకా ఉంచి ఇళ్లలో పనికి పంపేవారు, మగపిల్లల్ని పద్నాలుగేళ్లకి ఏదో ఒక పనివాడి దగ్గర పెట్టేవారు. వెళ్లేటప్పుడు బట్టలు, పెట్టె, బైబిలు. బీదపిల్లలకి ఇంత చదువు దేనికి, ఫ్యాక్టరీలకి కూలీలు దొరక్కుండా చేస్తున్నాడని ఆరోజుల్లో కొందరు ఆడిపోసుకున్నారు. ఆ నింద ఆయనకి కిరీటమనే నేననుకుంటాను.

కానీ ఒక నియమం నాకు మింగుడుపడలేదు. తల్లీతండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల్నే, అదీ పెళ్లయిన దంపతులకి పుట్టినవాళ్లనే చేర్చుకునేవారు. పెళ్లికాని తల్లి కన్న బిడ్డకి ఈ అయిదు భవనాల్లో ఒక్క మంచం లేదు. ఆ కాలం అలాంటిదని సర్దుకోవచ్చు. ఆ బిడ్డ ఆకలికి కాలంతో పనేముంది? ఆయనంటే నాకెంతో గౌరవం, అందుకే ఈ మాట మరీ బాధపెడుతుంది.

1958లో ఆ భవనాలు అమ్మేసి పిల్లల్ని చిన్న చిన్న ఇళ్లలోకి, కుటుంబాల్లా ఉండేలా మార్చారు. తర్వాత అవీ ఆగిపోయాయి. వందలమంది పిల్లల్ని ఒకే కప్పు కింద పెంచడం మంచిది కాదని అక్కడ ఎప్పుడో తెలుసుకున్నారు.

తిరుగు రైల్లో మా అమ్మాయి అడిగింది: "మన ఊళ్లో మా క్లాసులోకి అనాథ పిల్లల హాస్టల్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చేవాళ్లు గుర్తుందా బాబాయ్? విదేశాల వాళ్లొస్తే కొత్త గౌన్లు వేసి ఫొటోలు తీసేవాళ్లు. వాళ్లకి ఇలాంటి కాగితం ఉంటుందా?" నా దగ్గర జవాబు లేదు.

మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం వచ్చాక పిల్లల్ని ఉంచే ప్రతి సంస్థా రిజిస్టరు కావాలి, ప్రతి బిడ్డకీ ఫైలుండాలి. అంతకు ముందువాళ్ల సంగతి? ఊరొచ్చాక ఆ హాస్టల్‌కి వెళ్లి అడిగాను. ఇప్పటి వార్డెనమ్మగారు కాదనలేదు. మేడమెట్ల కింద ఇనప్పెట్టెలో పాత హాజరు పుస్తకాలున్నాయి, సగం చెదలు తినేశాయి. రిటైరైన మాస్టారొకాయనా నేనూ శనివారాలు కూర్చుని మిగిలినవాటిలో పేరు, ఊరు, తల్లి పేరు ఎత్తి రాస్తున్నాం. తండ్రి పేరు లేని వరసలు ఉన్నాయి. వాటినీ వదలకుండా రాస్తున్నాం.