మూడు చక్రాల మీద బెజవాడ

మీరెప్పుడైనా విజయవాడ స్టేషనులో రైలు దిగారా? బయటికి రాగానే "ఎక్కడికండీ? బెంజి సర్కిలా? పటమటా? దుర్గ గుడికా?" అన్న కేకలు వినిపిస్తాయి. అవి ఆటో డ్రైవర్ల కేకలు. పూర్వం ఈ ఊరిని బెజవాడ అనేవారు. ఆ రోజుల్లో ఇలాంటి చోట జట్కాబళ్ళూ, తరవాత సైకిలు రిక్షాలూ నిలబడేవి.

ఈ బండి పేరులోనే ఒక తమాషా ఉన్నది. "రిక్షా" అన్నది జపాను మాట. అక్కడ "జిన్-రికి-షా" అన్నారు. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. "ఆటో" గ్రీకు మాట; "తనంతట తాను" అని అర్థం. మనిషి లాగే బండికి ఇంజను వచ్చింది గాని, పాత పేరు మాత్రం పోలేదు! ఇలాంటి బండినే ఇటలీలో పియాజియో కంపెనీ 1948 ప్రాంతంలో తయారుచేసి "ఆపే" అని పేరు పెట్టింది. ఆపే అంటే తేనెటీగ.

విజయవాడలో ఈ తేనెటీగలకు తీరికే ఉండదు. ఎందుచేత? 1855లో ఇక్కడ కృష్ణకు ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టాలోని వరి పొలాలకు నీరు తీసుకుపోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్యగా పారుతాయి. ఒక పక్క కొండలు, ఒక పక్క నది, మధ్య మూడు కాలువలు! అందుచేత ఒక పేటనుంచి మరో పేటకు పోవాలంటే తరచు వంతెన దాటాలి. వంతెనల దగ్గర బళ్ళు గుమిగూడతాయి. ఇరుకు సందుల్లోకి బస్సు రాదు. ఆటో వస్తుంది, కాస్త చోటులోనే వెనక్కు తిరుగుతుంది కూడా.

మరి ఎక్కేవారికి ఆటోతో తృప్తిగా ఉన్నదా? దీనికి ఒక్క మాటలో జవాబు రాదు. బందరు రోడ్డున షేర్ ఆటోలో కూరల బుట్టతో కూర్చున్న అవ్వ, "చెయ్యెత్తితే ఆగుతుంది, ఇంకేం కావాలి?" అనవచ్చు. కాలేజీ కుర్రవాడు, "తలా కొంచెం ఇస్తాం గనక చవక" అనవచ్చు. ఊరికి కొత్త అయినవాడు, "బేరమాడలేక చచ్చాను" అని గొణగవచ్చు. అందుకే తృప్తిని కొలవదలిస్తే విడివిడిగా అడగాలి: బండికోసం ఎంతసేపు ఆగారు? ఎంత ఇచ్చారు? ఎలా కూర్చున్నారు? డ్రైవరు ఎలా మాట్లాడాడు? క్షేమంగా చేరతామన్న ధైర్యం ఉన్నదా? మొదటివాటికి నిండా మార్కులు వేసినవాడే చివరిదానికి సున్న వెయ్యవచ్చు.

ఆ చివరి ప్రశ్న సంగతి ముక్కాలిపీట చెబుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా దాని మూడు కాళ్ళూ నేలకు ఆనుతాయి. నాలుగు కాళ్ళ పీట అయితే ఊగుతుంది. కాని ముక్కాలిపీట మీద ఒక అంచున బరువు వేస్తే అది ఒరిగిపోతుంది. మూడు కాళ్ళనూ కలిపే త్రిభుజం లోపలే బరువు పడాలి.

ఆటో కూడా అంతే. వెనక రెండు చక్రాలు, ముందు ఒకటి. వెనక సీటు దగ్గర త్రిభుజం వెడల్పు, డ్రైవరు దగ్గర సన్నం. డ్రైవరుకు అటొకరూ ఇటొకరూ కూర్చుంటే ఆ బరువు త్రిభుజం అంచుకు వస్తుంది. వేగంగా మలుపు తిరిగితే బండి బయటి వైపుకు ఒరిగి, లోపలి చక్రం నేలను వదులుతుంది. మామూలు ఆటోలో డ్రైవరు కాక ముగ్గురే కూర్చోవాలన్న నియమం ఊరికే పెట్టలేదు.

అలాగని తప్పంతా డ్రైవరుదే అనకండి. బండి వాయిదాలు కట్టాలి, గ్యాసు కొట్టించాలి, ఇల్లు గడవాలి. మరొకరు ఎక్కితే అతనికి నాలుగు డబ్బులు మిగులుతాయి. చోటు లేదని తెలిసీ ఎక్కే మనం కూడా అందులో భాగస్థులమే.

ఈసారి నిండిన ఆటో మీ ముందు ఆగి, "రా బాబూ, నా పక్కన కూర్చో!" అని డ్రైవరు పిలిస్తే, ముక్కాలిపీటను తలుచుకోండి. "తరవాతి బండిలో వస్తానండీ" అని మర్యాదగా చెప్పండి. బెజవాడలో ఇంకో ఆటో రావటానికి ఎంతోసేపు పట్టదు!