చిలికా నుంచి సోమశిలకు

సాతపడా, జనవరి

నాయినా,

మంచిగ చేరిన. ఖుర్దా రోడ్డుల రైలు దిగి, పూరీ మీదుగ బస్సుల సాతపడా వచ్చిన. చిలికా సరస్సు సముద్రంల కలిసే దిక్కున ఉంటది ఈ ఊరు. శ్రీశైలం వెనుక నీళ్ళు నిండినా మన సోమశిల ఒడ్డు నుంచి అవతలి నల్లమల గుట్టలు కనపడ్తయి. ఇక్కడ అవతలి ఒడ్డు కండ్లకు ఆనదు. వానకాలంల నీళ్ళు వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటయట.

"పుట్టి ఎక్కెటోళ్ళ బిడ్డవు, సముద్రం కాడ నీకేం పని" అని అడిగినవు కదా. చెప్త. ఇక్కడ ఇరావతి డాల్ఫిన్లు ఉన్నయి, మొత్తం నూటయాభై అటు ఇటు. వాటి మీద పరిశోధన చేసెటోళ్ళకు సాయంగ ఉంటున్న. జీతం లేదు, తిండి, జాగ ఇస్తరు. ఈ డాల్ఫినుకు మూతి పొడుచుకొని రాదు. కుండ బోర్లించినట్టు గుండ్రటి తల, వీపు మీద చిన్న రెక్క. సినిమాలల్ల లెక్క గాలిలకు ఎగరదు. పైకి వచ్చి ఊపిరి తీసుకొని మళ్ళ మునుగుతది. ఇంజను బంద్ చేస్తే ఆ ఊపిరి చప్పుడు ఎంతో దూరం నుంచి ఇనపడ్తది.

నాకిచ్చిన పని రాసుడు. పడవ ముందట ఇద్దరు దుర్భిణి పట్టుకొని చూస్తరు. వాళ్ళు చెయ్యి చూపించంగనే టైము, జాగ, ఎన్ని ఉన్నయి, పిల్లలున్నయా, ఏ దిక్కు పోతున్నయి, అన్ని కాగితం మీద నింపాలె. నలుపు తెలుపు పళ్ళేన్ని తాడుకు కట్టి నీళ్ళల్ల దించుతం. ఎంత లోతుల మాయమయితదో అదే నీళ్ళ తేట. ఉప్పు చూసేటందుకు చిన్న గొట్టం ఉంటది. దాని గాజు మీద ఒక చుక్క వేసి, వెలుగుకు పెట్టి, కన్ను ఆనించి చూడాలె. ఒక్కోసారి గంటల కొద్ది ఏమీ కనపడదు. అప్పుడు కూడ "లేవు" అని రాయాలె. వెతికినా దొరకని జాగల లెక్క లేకుంటే, దొరికిన వాటి లెక్క నిలబడదు.

నీకు చెప్పాల్సిన అసలు సంగతి వలలది. డాల్ఫిను చేప కాదు, పిల్లకు పాలిచ్చే జీవి. గాలి కోసం పైకి రాకుంటే బతకదు. కదలకుండ కట్టిన వలల తోక చిక్కుకుంటే, నీళ్ళల్ల పుట్టి పెరిగింది నీళ్ళల్లనే ఊపిరాడక సస్తది. మర పడవల రెక్కలు తగిలి సచ్చేటివి కూడ ఉన్నయి. డాల్ఫిన్లను చూపిస్తమని యాత్రికులను ఎక్కించుకొని ఒక్క డాల్ఫిను చుట్టు నాలుగు దిక్కుల నుంచి పడవలు ఉరికిస్తుంటే నాకు పానం ఆగదు.

అమ్మకు చెప్పు, చలి అంత లేదు.

నీ బిడ్డ


సాతపడా, ఫిబ్రవరి

తమ్మీ,

వనపర్తి కాలేజీల మీ సారుకు ఈ ముచ్చట చెప్పు. ఇరావతి డాల్ఫిను పేరు బర్మాల ఉన్న ఇరావతి నదిది గని, లోకానికి తెలిసిన మొదటి నమూనా మన విశాఖపట్నం రేవుల దొరికింది, 1852ల. అమరావతి శిల్పాలను తవ్వి మద్రాసుకు పంపిన వాల్టర్ ఇలియట్ ఉన్నడు చూడు, ఆయన చేర్పించిన నమూనాల ఆధారంగనే రిచర్డ్ ఓవెన్ 1866ల లండన్‌ల దీని గురించి రాసిండు. తెలుగు ఒడ్డు నుంచి పోయిన జీవి ఇది. మన జీవశాస్త్రం పుస్తకంల ఒక్క ముక్కన్న ఉండాలె.

రాత్రిపూట ఫొటోలు సదురుత. ప్రతి డాల్ఫినుకు రెక్క అంచు వేరే ఉంటది. ఇప్పుడు నా ముందర ఉన్నదానికి వెనక అంచున రెండు గంట్లు, కింద గీసుకపోయిన తెల్లటి మచ్చ. పాత ఫొటోలల్ల అదే గంటు దొరికితే, ఇది ఫలాన ఏడు ఫలాన జాగల ఉండె అని తెలుస్తది. నాకు ఇంత ఇష్టమైన పని ఇంకోటి లేదు.

ఇంకో సంగతి. ఒండ్రు పేరుకొని సముద్రం దారి మూసుకపోతే చిలికా నీళ్ళల్ల ఉప్పు తగ్గింది, నాచు కమ్మింది, చేప పడిపోయింది. 1993ల ప్రమాదంల ఉన్న చిత్తడి నేలల జాబితాలకు ఎక్కింది. 2000 సెప్టెంబరుల కొత్త ముఖద్వారం తవ్వినంక చేపలు, రొయ్యలు మళ్ళ వచ్చినయి. 2002ల ఆ జాబితా నుంచి తీసేసిన్రు. జాలరోళ్ళ పూట గడిచిందీ డాల్ఫిన్లకు తిండి దొరికిందీ ఒక్కటే గండి వల్ల. వీళ్ళను వేరు చేసి మాట్లాడెటోళ్ళతో నాకు పడదు.

మీ అక్క


పూరీ, ఫిబ్రవరి

నాయినా,

సెలవు దొరికితే పూరీకి వచ్చిన. గుడికి పోయి, అటునుంచి అటే పెంటకోటకు పోయిన. అదంత తెలుగు మత్స్యకారుల వాడ. ఇక్కడోళ్ళు వాళ్ళను నోలియాలు అంటరు. ఒక పెద్దమనిషి వల బాగు చేసుకుంట కూసున్నడు. తెలుగుల పలకరిస్తే చాప జరిపిండు. డాల్ఫిను పడితే ఏం చేస్తరని అడిగిన. "బతికుంటే వల కోసి వదిలేస్తాం, కోసిన వలకి డబ్బులెవరిస్తారమ్మా" అన్నడు. ఆ మాట రాసుకొచ్చి మా బృందంల చెప్పిన. ఈ జీవిని చంపితే జైలు అని 1972 చట్టం ఉన్నది, ఉండాలె కూడ. గని వల కోసినోనికి కొత్త వల వెంటనే చేతికి రాకుంటే, రాత్రిపూట నడి నీళ్ళల్ల ఏ చట్టం వచ్చి నిలబడ్తది?

బర్మాల ఇరావతి నదిల వీటికి జాలరోళ్ళతో దోస్తానా ఉన్నది. జాలరి పడవ చెక్క మీద కొట్టి పిలుస్తడు. డాల్ఫిన్లు చేపల గుంపును చుట్టి పడవ దిక్కు తోలుకొస్తయి, తోకతో సైగ చేస్తయి, అప్పుడు ఆయన విసురు వల వేస్తడు. చెదిరిన చేపలు డాల్ఫిన్లకు. నువ్వు విసురు వల వేసేటప్పుడు భుజం తిప్పే తీరు యాదికొచ్చి ఈ సంగతి మా సారుతో మళ్ళ మళ్ళ చెప్పించుకున్న.

ఇక్కడ కూడ సన్న కన్ను వలలు పెద్ద తగాదా. నిషేధం ఉన్నది, వేసెటోళ్ళు వేస్తనే ఉన్నరు. మన పెబ్బేరు, కొల్లాపూర్ దిక్కు అలివి వలలు గుర్తుకొచ్చినయి. గోరంత చేపపిల్లను కూడ ఊడ్చుకపోతే మీకు మిగిలేది ఖాళీ పుట్టి. మన కృష్ణల డాల్ఫిన్లు లేకున్నా, ఆ చేపల మీదనే బతికే నీటికుక్కలు ఉన్నయి కదా. తుంగభద్రల వాటి కోసమే కర్ణాటక 2015ల ఒక రక్షిత ప్రాంతం పెట్టింది. ఆ నీళ్ళు అలంపురం దాటి మన కృష్ణలనే కలుస్తయి. మన దిక్కు ఎవరన్న లెక్క పెట్టిన్రా?

అందుకే ఒక పని చెప్తున్న. నీటికుక్కలు కనపడితే తారీకు, జాగ, ఎన్ని, పిల్లలున్నయా అన్నది తమ్ముని నోటుబుక్కుల రాయించు. కనపడని రోజు కూడ రాయించు. బురదల అడుగులు, రాళ్ళ మీద చేప పొలుసులున్న పెంట కనపడితే అవి కూడ. గద్వాలల అక్కకు ఫోన్ చేసి, బావను జూరాల కింద వలలు వేసెటోళ్ళను అడగమను. బీచుపల్లి కాడ పుట్టి నడిపే మామకు కూడ చెప్పు. ఆయన చూపు దుర్భిణి కన్న నయం. వచ్చే నెల వస్త, అప్పటికి రెండు పేజీలన్న నిండాలె.

నీ బిడ్డ