బరువు దించితేనే... దూరం!

ఊరెళ్తుంటే సంచీలు పెరగడం మనకు మామూలే. అనకాపల్లి నుంచి చుట్టాలింటికైతే బెల్లం దిమ్మ కూడా తోడవుతుంది! అదే ఊళ్లో ‘ఎలైట్ డేంజరస్’ అనే కంప్యూటర్ ఆట ఆడే ఓ డిగ్రీ కుర్రాడు మాత్రం ప్రయాణమంటే బరువులన్నీ దించేస్తాడు. 2014లో వచ్చిన ఈ ఆటలో నౌక ఎంత తేలికైతే ఒక్కో గెంతులో అంత దూరం వెళ్తుంది. అందుకే తుపాకులు వద్దు, సరకులు వద్దు. నక్షత్రాల దగ్గర ఇంధనం తోడుకునే పరికరం మాత్రం తప్పనిసరి. పాలపుంత నడిబొడ్డు దాదాపు 26 వేల కాంతి సంవత్సరాల దూరం మరి!

ఆటే కదా అనుకోకండి. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళ్‌యాన్‌దీ ఇదే లెక్క. 1,337 కిలోల్లో 852 కిలోలు ఇంధనమే. పరిశోధన పరికరాలు 15 కిలోలే!

‘‘అన్నీ తీసేశావు సరే, తిరిగి రావడానికేం ఉంచావురా?’’ అంది వాళ్లమ్మ. అసలు చిక్కు అక్కడే. సేకరించిన సమాచారాన్ని స్టేషన్‌కు చేర్చేలోపు నౌక పేలిపోతే వారాల శ్రమ గాల్లో కలిసినట్టే. అందుకే ఏదో గ్రహమ్మీద గట్టిగా దిగినా తట్టుకునేలా చిన్న రక్షణ కవచం ఉంచుకున్నాడు. దానివల్ల గెంతు కాస్త తగ్గింది. తగ్గితే తగ్గనీ... ఇల్లు చేరాలి కదా!