లాయర్ దగ్గరికి ముందే వెళ్లండి

టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో నాకు తెలిసిన ఫ్యామిలీ లాయర్ ఒకావిడ ఉన్నారు. వాళ్ల నాన్నగారు గుంటూరు నుంచి వచ్చిన ఇంజినీరు. ఈవిడ పుట్టి పెరిగింది టెక్సస్‌లోనే. డిగ్రీ తర్వాత మూడేళ్ల లా స్కూలు, బార్ పరీక్ష, కొన్నేళ్లు పేదల కేసులు ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్‌లో ఉద్యోగం. ఆ తర్వాత ఫ్యామిలీ లాలో బోర్డు సర్టిఫికేషన్ తెచ్చుకున్నారు. ఇక్కడ లైసెన్సున్న ఏ లాయరైనా విడాకుల కేసు పట్టొచ్చు గానీ, ఆ సర్టిఫికేషన్‌కి కనీసం 5 ఏళ్ల ప్రాక్టీసుండాలి, విడిగా పరీక్షా రాయాలి.

నేను ఆవిడ ఆఫీసుకి వెళ్లింది చెల్లెల్లాంటి ఒక అమ్మాయికి తోడుగా. అప్పటికే ఆమె సంసారం గురించి అత్తగారూ, మేనమామా, ఇక్కడి పెద్దమనుషులూ అందరూ తీర్పులు చెప్పేశారు. లాయర్ గడప తొక్కితే కాపురం కూలుతుందని అందరిదీ ఒకటే మాట. ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. తన హక్కేమిటో తెలుసుకుంటే కూలిపోయే కాపురం ఏం కాపురం?

"పెళ్లెక్కడ జరిగిందమ్మా? మీ వీసా ఏమిటి? పాప పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?" లాయర్‌గారు మొదట అడిగినవి ఇవీ.

పెళ్లి సంగతి ఎందుకంటే, తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంటలో భర్త మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. భార్య ఊరుకోలేదు, కేసు పెట్టింది. ఆ డిక్రీ మన దేశంలో చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ విడాకులకి చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు, భార్య ఆ కోర్టుకి లోబడనూ లేదు. ఇద్దరూ ఇష్టపడి, ఒప్పుకుని వెళ్తే వేరే సంగతి. వీసా సంగతి ఎందుకంటే, భర్త ఉద్యోగ వీసాని ఆధారం చేసుకుని వచ్చే హెచ్-4 మీదున్న భార్యకి విడాకులు ఖరారైతే ఆ హోదా పోతుంది. ఇక పాస్‌పోర్టు సంగతి. పిల్లల్ని దేశం దాటిస్తే వెనక్కి పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందుకే అలాంటి భయముందని రుజువైతే పాస్‌పోర్టుల మీద ఇక్కడి జడ్జి ఆంక్షలు పెట్టొచ్చు.

ఆ రోజు నన్ను కదిలించింది బంగారం లెక్క. టెక్సస్‌లో కాపురంలో సంపాదించింది ఇద్దరిదీ. పెళ్లికి ముందున్నదీ, కానుకగా వచ్చిందీ ఎవరిది వాళ్లదే, కానీ గట్టి రుజువు చూపించాలి. లాయర్‌గారు పెళ్లి ఆల్బం తెరిపించి ఒక్కో ఫొటో మీద వేలు పెట్టి అడిగారు.

"ఈ కాసులపేరు?"

"అమ్మమ్మదండీ."

"వడ్డాణం?"

"నాన్న చేయించారు."

"ఈ గాజులు ఫొటోలో లేవే?"

"ఇక్కడికొచ్చాక కొన్నాం."

మొదటి రెండూ ఒక వరసలో, గాజులు ఇంకో వరసలో రాసుకున్నారు. ఏళ్ల తరబడి "నీదంటూ ఏముంది" అని మాటలు పడ్డ పిల్ల, తనవాటి పేర్లు చదువుతూ నిటారుగా కూర్చుంది. కేసు మాత్రం ఆ రోజు వేయలేదు, ఆలోచించుకుంటానంది. లాయర్‌గారూ తొందరపెట్టలేదు.

మొదటిసారి వెళ్లేటప్పుడు పెళ్లి సర్టిఫికెట్, అమెరికాలో అడుగుపెట్టినప్పటి ఐ-94 రికార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఊళ్లో స్థలాల కాగితాలు కాపీలు తీసి పట్టుకెళ్లండి. చాలామంది లాయర్లు ఫీజు ఆరేసి నిమిషాల లెక్కన వేస్తారు, ఫోన్ మాటలక్కూడా. ఇంట్లో చెయ్యి లేస్తుంటే మాత్రం కాగితాల కోసం ఆగొద్దు. గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233కి రాత్రైనా పగలైనా ఫోన్ చేయొచ్చు, దుబాసీ కావాలని అడగొచ్చు.