కాలు పోతే రైతుబీమా రాదు – సదరం గురించి నాలుగు మాటలు



నా కాలి సంగతి తెలిసినోళ్లు కలిసినప్పుడల్లా అడుగుతున్నరు, "రైతుబీమా వచ్చిందా అన్నా?" అని. రాలేదు, రాదు కూడా. 2018లో మొదలైన రైతుబీమా ప్రాణం పోతేనే ఇంటోళ్లకు 5 లక్షలు ఇస్తది. అది కూడా పట్టా పాసుబుక్కు ఉన్నోళ్లకు, 18 నుంచి 59 ఏండ్ల వాళ్లకే. చెయ్యి పోయినా, నడుం విరిగి మంచాన పడ్డా అందుల పైసా లేదు. సొంత పట్టా లేని కౌలుదారుకైతే చచ్చినా లేదు. ఈ ముక్క మన ఊర్లల్ల చాలామందికి తెల్వదు.

రెండేండ్ల కింద వానకాలం దమ్ము చేస్తుంటే ఒడ్డు తెగి ట్రాక్టర్ ఒరిగింది, నా కుడికాలు దాని కింద పడ్డది. రాడ్ వేసిండ్రు. మోకాలు ఇప్పుడు సగమే వంగుతది. బజార్ల నడుస్త, స్కూటీ నడుపుత. మడిలకు మాత్రం దిగలేను, బురదల కాలు కూరుకుంటే మళ్ల గుంజనీకి రాదు. మందు కొట్టాలన్నా, ఒడ్లు చెక్కాలన్నా మనిషిని పెట్టాల్సిందే. ఆ కూలి ఎవరిస్తరు?

నా వంటోళ్లకు ఉన్న దారి వికలాంగుల పింఛన్. 2023లో 3,016 నుంచి 4,016 చేసిండ్రు. దానికి సదరం సర్టిఫికెట్‌ల 40 శాతం ఉండాలె. స్లాట్ బుక్ చేసుకుంటే ఏ రోజు, ఏ దవాఖానకు రావాల్నో చెప్తరు. చెప్పినంత అల్కగ ఏం కాదు. స్లాట్ దొరకనీకే నేను మూడుసార్లు తిరిగిన.

క్యాంపుల డాక్టర్ బల్ల మీద పండబెట్టి మోకాలు ఎంత వంగుతదో కొలిచిండు. ఐదు నిమిషాల పని. "సార్, మడిల దిగలేను" అన్న. "మేం కాలు చూస్తం, పని కాదు" అన్నడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన కాడున్న ఫారంల మడి అనే గడే లేదు. 36 శాతం వచ్చింది, అది కూడా టెంపరరీ. నాలుగు శాతం తక్కువైతే నెలకు నాలుగు వేలు పాయె.

నాకు ఆపరేషన్ చేసిన ప్రైవేటు దవాఖానోళ్లు డిశ్చార్జి కాగితంల "బాగుంది" అని రాసి పంపిండ్రు, మోకాలు వంగుడు గురించి ఒక్క అక్షరం లేదు. క్యాంపుల ఆ కాగితం కూడా చూస్తరు. అందుకే చెప్తున్న, మీ ఇంట్ల ఎవరికి దెబ్బ తగిలినా బయటికొచ్చే ముందే అడిగి రాయించుకోండి: ఏ ఎముక విరిగింది, ఏం వేసిండ్రు, కీలు ఎంత వంగుతుంది. ఎక్స్‌రేలు పారేయకండి. ఇగ శాతం తక్కువ రాసిండ్రని ఊకోవద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంల సర్టిఫికెట్ మీద అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

ఇంకొకటి. బ్యాంకు పాసుబుక్కుల ఏడాదికి 20 రూపాయలు కట్ అవుతున్నయా చూసుకోండి. అది ప్రధానమంత్రి సురక్ష బీమా. యాక్సిడెంట్‌ల ఒక చెయ్యో కాలో పూర్తిగా పనికిరాకుండ పోతే లక్ష, చనిపోతే 2 లక్షలు. నా లెక్క కుంటేటోళ్లకు రాదు. కానీ గడ్డి మిషన్‌ల చెయ్యి పోయినోళ్లు మనల ఎంతమంది లేరు? పోలీస్ కాగితం, దవాఖాన కాగితం అడుగుతరు కాబట్టి అప్పుడే రాయించుకోవాలె.

మా బావమరిది ఒకనాడు నవ్వుకుంట అన్నడు, "నడుస్తనే ఉన్నవ్ గదా బావా, నీకు పింఛన్ ఎందుకు?" అని. రేపు నాటుకు మడిల దిగు, నేను ఒడ్డు మీద నిలబడి చూస్త అన్న. మళ్ల ఆ మాట ఎత్తలేదు.

వచ్చే నెల నాకు మళ్ల స్లాట్ ఉంది. ఈసారి కొత్త ఎక్స్‌రే, ఇంకో ఎముకల డాక్టర్‌తో కొలిపించి రాయించిన కాగితం పట్టుకపోతున్న. ఎంత శాతం రాసిండ్రో వచ్చినంక చెప్తా.