రైల్వే ఉక్కు కత్తికి దయ్యాలు భయపడతాయా?

మా ఖరగ్‌పూర్ బజారులో కత్తి కొనబోతే తరచు వినిపించే మాట "అసలైన రైల్వే ఉక్కు" అని. ఆ ఒక్క మాటతో ధర పెరుగుతుంది. నేను చదివింది బి.కాం., చేసింది రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో ఉద్యోగం. రిటైరైనా, వోచరు లేని పద్దు చూస్తే కలం ఆగుతుంది.

అసలు రైల్వే ఉక్కు అనేది ఒకటి కాదు. పట్టాలో కార్బన్ సుమారు 0.6 నుంచి 0.8 శాతం. చెక్క స్లీపర్లకు కొట్టే మేకుల్లో బాగా తక్కువ. దాంతో చేసిన కత్తికి పదును నిలవదు. నిజంగా రైల్వేదే అయితే వేలంలో కొన్న రసీదు ఉండాలి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం.

కత్తుల ఉక్కుకు అమెరికా వాళ్ళు పెట్టిన నంబర్లలోనే లెక్క ఉంది. 1095 అంటే కార్బన్ సుమారు 0.95 శాతం. పదును బాగా నిలుస్తుంది, దెబ్బ తగిలితే అంచు పెచ్చు లేస్తుంది. 5160లో 0.60 శాతం, కొంచెం క్రోమియం. కొబ్బరికాయలు కొట్టే కత్తికి ఇదే మేలు. రెండూ తుప్పు పడతాయి. అయితే కార్బన్ ఒక్కటే చాలదు. సుమారు 800 డిగ్రీలకు కాల్చి నూనెలో ముంచాలి, మళ్ళీ 200 డిగ్రీల దగ్గర వేడిచేసి పెళుసుతనం తగ్గించాలి. ఇది సరిగా చెయ్యకపోతే 1095 కూడా దండగే.

మా అమ్మాయి బాలింతగా ఉన్నప్పుడు మా వియ్యపురాలు ఆమె తలగడ కింద ఒక కత్తి పెట్టారు. ఇనుముకు దయ్యాలు భయపడతాయట, రైల్వే ఉక్కయితే మరీనట! "ఎంత శాతం కార్బన్ ఉంటే పారిపోతాయి చెల్లెమ్మా?" అని అడిగాను. "ఎగతాళి చెయ్యకండి అన్నయ్యగారూ" అన్నారు. పసిబిడ్డ పక్కన ప్రమాదం దయ్యం కాదు, ఆ అంచే. ఆ రాత్రి అమ్మాయే కత్తి తీసి నా చేతికిచ్చింది. వంటింట్లో పెట్టాను.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద, వాటిని మనిషి రక్తంలో చల్లార్చేవారని కట్టుకథలు పుట్టాయి. ఆ కత్తుల మీది అలల గీతలకు వనేడియం లాంటి మలినాలు కొద్దిగా ఉండటమే కీలకమని 1998లో వెర్హోవెన్, పెండ్రే బృందం చూపించింది. మంత్రమూ లేదు, రక్తమూ లేదు.

కత్తి కొనేటప్పుడు ఒక ఆకురాయి వెంట తీసుకెళ్ళండి. అంచును అది సులువుగా కొరికేస్తే ఉక్కు మెత్తన, జారితే గట్టిపడినట్టే. కార్బన్ శాతం మాత్రం ల్యాబే చెప్పాలి. అమ్మేవాడి నోటిమాట ఏ పరీక్షా కాదు.